పద్నాలుగు తెల్ల అంగీలు

సుగుణమ్మ పెట్రోలు బంకులో చేరింది పొరపాటున. ఈ మాట ఆవిడే చెబుతుంది. కొత్తవాళ్ళు ఎదురైతే రెండుసార్లు చెబుతుంది. రేపల్లెలో తెనాలి రోడ్డు మీద కొత్త బంకు పెడుతున్నారని, ఆడవాళ్ళు కావాలంటున్నారని ఎవరో అంటే, గాజు తలుపుల గదిలో ఫ్యాను కింద కూర్చుని బిల్లులు రాసే ఉద్యోగం అనుకుంది. పదో తరగతి పాసైన సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళింది. మేనేజరు మోహనకృష్ణ ఆ కవరు విప్పనైనా విప్పకుండా "చేతులు చూపించండమ్మా" అన్నాడు. చూపించింది. "బలంగానే ఉన్నాయి" అని పంపు దగ్గరికి తీసుకెళ్ళి నాజిల్ చేతిలో పెట్టాడు.

"నా చేతులు కాస్త నాజూగ్గా ఉండుంటే ఈపాటికి గాజు గదిలో ఉండేదాన్ని" అంటుంది సుగుణమ్మ. అది జరిగి పదకొండేళ్ళయింది. గాజు గదిలోకి ఇప్పటికీ డబ్బు కట్టేటప్పుడు తప్ప వెళ్ళలేదు.

చేరిన నాలుగో రోజే ఒక స్కూటరు ట్యాంకు పొంగించింది. పెట్రోలు చిమ్మి కుచ్చిళ్ళ దగ్గర్నుంచి అంచు దాకా తడిసింది. ఆ సాయంత్రం అలాగే షేర్ ఆటో ఎక్కింది. కాస్త దూరం పోగానే డ్రైవరు ఆటో ఆపి, కింద వంగి చూసి, ట్యాంకు కారట్లేదని నిర్ధారించుకుని మళ్ళీ ఎక్కాడు. గాంధీబొమ్మ దాటాక మళ్ళీ ఆపాడు. ఈసారి ప్రయాణికులు కూడా దిగి వెతికారు. "పెద్ద బండయ్యా నీది, మమ్మల్ని కాల్చేసేట్టున్నావు" అని ఒకాయన కోప్పడ్డాడు. సుగుణమ్మ కూడా అందరితోపాటు దిగి, అందరితోపాటు వంగి వెతికింది. మూడోసారి ఆపినప్పుడు "ఇక్కడే దిగుతానులే బాబూ" అని, ఇల్లు ఇంకా కిలోమీటరు ఉండగానే దిగి నడిచిపోయింది. తను దిగాక ఆటోలో వాసన పోయిందో లేదో, పోతే వాళ్ళేమనుకున్నారో అని ఆ రాత్రంతా సిగ్గుపడింది.

ఇంట్లో పరిస్థితి అంతకంటే గొప్పగా ఏం లేదు. భర్త జ్ఞానానందం నిజాంపట్నం రేవులో మరబోట్ల ఇంజన్లు బాగు చేస్తాడు. ఆయన చొక్కాల మీద ఏది రంగో ఏది ఇంజనాయిలో చెప్పడం కష్టం. ఆయన ఆయిలు, ఈవిడ పెట్రోలు. "మా ఇంటికి చుట్టాలొస్తే చెప్పులతోపాటు అగ్గిపెట్టె కూడా బయట పెట్టి రమ్మనాలి" అనేది సుగుణమ్మ.

మరకలు తీయడం ఆవిడ నష్టపోయి నేర్చుకుంది. మొదటి చీరని సలసల కాగే నీళ్ళలో ముంచింది. మరక పోకపోగా చేపముల్లులా లోపలికి దిగిపోయింది. రెండోదాన్ని ఉతికి, ఇంకా మసక మసగ్గా మరక ఉండగానే ఇస్త్రీ చేసింది. ఆ వేడికి అది శాశ్వతంగా స్థిరపడింది. గ్రీజుకి పెట్రోలు విరుగుడని బంకులో ఎవరో చెబితే, భర్త చొక్కాకి పెట్రోలు రాసి రుద్దింది. రూపాయి బిళ్ళంత ఉన్న మరక పళ్ళెమంత అయింది. వంటింట్లో పొయ్యి వెలిగించడానికి భయపడి ఆ పూట హోటల్నుంచి ఇడ్లీ తెప్పించుకున్నారు.

చివరికి దారి చూపించింది పక్కింటి కొండమ్మ. కొండమ్మ భర్త బోటు మీద సముద్రంలోకి వెళ్తాడు, ఆమె చేపలు అమ్ముతుంది. డీజిలు మరకలు ఆమెకి కొత్త కాదు.

"నూనె మరకకి ముందే నీళ్ళు చూపించకూడదు వదినా" అంది కొండమ్మ. "రుద్దకూడదు కూడా. పాత గుడ్డతో అద్ది, పైన పౌడరు చల్లి రాత్రంతా వదిలెయ్. అది తాగినంత తాగుద్ది. పొద్దున దులిపి గిన్నెలు తోమే సబ్బు రాసి, చన్నీళ్ళలో ఉతుకు. వాసన పోయిందాకా గాలికి ఆరెయ్. నీడలో అయినా సరే, గాలి మటుకు ఉండాలి."

"ఇస్త్రీ?"

"మరక మొత్తం పోయిందాకా ఇస్త్రీ పెట్టె జోలికెళ్ళమాక. ఇంకోటి, వాటిని మిగతా గుడ్డల్లో కలపమాక. విడిగా ఉతుకు."

సుగుణమ్మ చెప్పినట్టే చేసింది. తెల్లారేసరికి పౌడరు లేత పసుపురంగుకి తిరిగి ముద్దకట్టింది, మరక సగానికి సగం తగ్గింది. రెండో విడతకి పూర్తిగా పోయింది. ఆ రోజు చీర అంచు పట్టుకుని వీధి వీధంతా చూపించుకొచ్చింది.

అక్కణ్ణించి ఆవిడ కొండమ్మ పేరు చెప్పడం క్రమంగా మానేసింది. బంకులో పెట్రోలు కొట్టేటప్పుడు ఎవరి ప్యాంటు మీదైనా చైను నూనె మచ్చ కనిపిస్తే "ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోయకండి సార్" అని మొదలుపెట్టేది. వెనక హారన్లు మోగేవి. వాళ్ళంతా గుడి అనే పిలిచే చర్చిలో ఆడవాళ్ళు పిండివంటల నూనె మరకలున్న చీరలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, ఏ మరకనైనా ఓపికతో తీయవచ్చని మన సుగుణమ్మగారిని చూసి నేర్చుకోవాలని ఒక్క ముక్క అన్నారు. ఆ ఒక్క ముక్కతో ఆవిడ నడక మారిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళు గుడిలో ఎవరు నవ్వినా ముందు వాళ్ళ బట్టల వంక చూసేది.

ఆ గుడిలో పాటల బృందం ఒకటుంది. బర్నబాస్ మాష్టారు నడిపిస్తారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సుగుణమ్మ కూడా ఒకప్పుడు అందులో నెల రోజులు పాడింది. మాష్టారు మొదట "కొంచెం మెల్లిగా అమ్మా" అన్నారు. తర్వాత "ఇంకొంచెం మెల్లిగా" అన్నారు. మూడోసారి "మీది అందరితో కలిపి కాకుండా విడిగా వినాల్సిన గొంతమ్మా" అన్నారు. అది పొగడ్త అనుకుని ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. జ్ఞానానందం తలొంచుకుని అన్నం తిన్నాడు. వారం తర్వాత ఆవిడకే అర్థమైంది. అప్పట్నుంచి బృందం బట్టల సంగతి చూసుకునే బాధ్యత తీసుకుంది.

ఆ ఏడు డిసెంబరులో బాపట్లలో క్రిస్మస్ పాటల పోటీ పెట్టారు. తొమ్మిది ఊళ్ళ బృందాలు వస్తున్నాయి. మాష్టారు చందాలు పోగుచేసి, తెనాలిలో పద్నాలుగు తెల్ల అంగీలు కుట్టించారు, మెడ దగ్గర్నుంచి మడమల దాకా ఉండేవి. పోటీ శనివారం. గురువారం సాయంత్రం తెనాలి నుంచి అంగీల మూట వచ్చింది. వచ్చిన ఆటోలో ఎవరిదో జనరేటరుకి డీజిలు డబ్బా ఉంది. మూత సరిగ్గా లేదు.

మాష్టారు మూట చంకలో పెట్టుకుని నేరుగా బంకుకి వచ్చారు. విప్పి చూస్తే పన్నెండు శుభ్రంగా ఉన్నాయి, అడుగున ఉన్న రెండింటికి మాత్రం అంచుల దగ్గర జానెడేసి మేర తడిసింది.

"ఇవి పోతాయంటారా?" అన్నారు మాష్టారు. ఆయనకి జలుబు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి మాట సరిగా రావడం లేదు.

"పోకపోవడమేంటండీ. రేపు సాయంత్రానికి తీసుకోండి."

"ఎల్లుండి మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు ఇచ్చినా చాలమ్మా."

"రేపు సాయంత్రం అన్నాను కదండీ" అంది సుగుణమ్మ, పంపు మీద చెయ్యి ఆనించి.

ఆ రెండింటినే చూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఇంటికెళ్ళి దీపం కింద పరిచి చూస్తే, ఉతికాక ఆ రెండూ ఒక తెలుపుగా, ఉతకని పన్నెండూ కొత్త గంజి తెలుపుగా ఉండి, వేదిక మీద తేడా కనిపిస్తుందేమో అనిపించింది. పద్నాలుగూ ఒక్క తీరుగా మెరిసిపోతుంటే బాపట్ల మొత్తం నోరు తెరుచుకుని చూడడం కూడా కనిపించింది. అయ్యగారు మళ్ళీ ప్రసంగంలో పేరు చెప్పడం దాకా వెళ్ళిపోయింది ఆవిడ ఆలోచన.

వాతావరణం మాత్రం ఆవిడ ఆలోచనతో కలిసి రాలేదు. సముద్రంలో వాయుగుండం ఉందని మబ్బు పట్టి ఉంది. ఎండ లేదు, గాలి లేదు. శుక్రవారం పొద్దున ఆరింటికి డ్యూటీ. రాత్రంతా ఉంచాల్సిన పౌడరు గంటసేపు ఉంచింది. ఆ వేసవిలో కొన్న వాషింగ్ మెషీను ఉంది, అందులో వేణ్ణీళ్ళ మీట ఉంది. మరకలవి రెండూ అడుగున పెట్టి, పైన మంచివి వేసి, రెండు విడతలుగా పద్నాలుగూ తిప్పేసింది. మొదటి విడత నీళ్ళు పారబోయడం దండగని రెండో విడతకీ అవే వాడింది. ఆఖర్న అన్నిటికీ గంజి పెట్టి పెరట్లో ఆరేసింది.

కొండమ్మ చెప్పిన మాటల్లో, ఇస్త్రీ సంగతి తప్ప, ఆ రాత్రి ఆవిడ తప్పనిది ఒక్కటి కూడా లేదు.

శుక్రవారం డ్యూటీ నుంచి రాగానే పెరట్లోంచి అంగీలు తెచ్చింది. మరక కనిపించలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. సబ్బు వాసన వచ్చింది. భర్తకి ఇచ్చింది. రేవు నుంచి అప్పుడే వచ్చిన జ్ఞానానందం కళ్ళు మూసుకుని శ్రద్ధగా వాసన చూసి, "మల్లెపూవులా ఉంది" అన్నాడు.

బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు సింధు ఫోన్ చేసింది.

"అన్నీ కలిపి ఉతికావా? విడిగా ఉతకాలని నువ్వే కదా అందరికీ చెప్తావు."

"నువ్వు పుట్టకముందు నుంచి ఉతుకుతున్నానే ఈ మరకలు."

"నేను పుట్టి పంతొమ్మిదేళ్ళు. నువ్వు బంకులో చేరి పదకొండు."

"లెక్కలు తర్వాత చేద్దువుగాని. వాసన లేదు. మీ నాన్న కూడా చూశారు."

"నాన్న చూశాడా" అంది సింధు. ఇంకేదో అనబోయి, "సరే, రేపు హాలు దగ్గరికి వస్తాలే" అని పెట్టేసింది.

సుగుణమ్మ కూర్చుని పద్నాలుగింటికీ చేతులతో సహా ఇస్త్రీ చేసింది. ఇస్త్రీ పెట్టె కింద ఆవిరి లేచినప్పుడల్లా గది నిండా ఏం వాసన కమ్ముకుందో దేవుడికి తెలియాలి. ఆవిడకి తెలియలేదు.

శనివారం అందరూ వ్యానులో బాపట్ల వెళ్ళారు. మూట వ్యాను పైన కట్టారు కాబట్టి దారి పొడుగునా పాటలు పాడుకుంటూ సుఖంగానే వెళ్ళారు. కర్లపాలెంలో ఆగి టీ తాగారు. పోటీ చర్చి పక్క హాల్లో. మునిమాపు వేళ దీపాలు తగ్గించి, ఒక్కో బృందం వెలిగించిన కొవ్వొత్తులతో లోపలికి నడిచి రావాలి. అది అక్కడి ఏర్పాటు.

హాలు వెనక చిన్న గదిలో అంగీలు తొడుక్కున్నారు. సుగుణమ్మ ఒక్కొక్కరి మెడ పట్టీ సరిచేస్తూ తిరిగింది. కాంతమ్మ అని బృందంలో అందరికంటే పొట్టి ఆవిడ, పక్కనున్నామె వంక అదోలా చూసి రెండడుగులు జరిగింది. ఆమె ఈమె వంక చూసి అటు జరిగింది. పొలాలకి మోటార్లు బిగించే చిట్టిబాబు తన చేతులు తనే వాసన చూసుకున్నాడు. కిటికీ ఎవరో తెరిచారు. అందరూ మాటలు మాని, ఒకరికొకరు ఎడంగా, గంభీరంగా నిలబడ్డారు. ఆ తెల్లదనం చూసి వాళ్ళకి భక్తి కలిగిందని సుగుణమ్మ అనుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

కొవ్వొత్తులు వెలిగించే పని బెన్నీ అనే బాపట్ల యువకుడిది. లైటరు పట్టుకుని గదిలోకి వచ్చాడు. మొదటి వరసలో ఉన్న మాష్టారి కొవ్వొత్తి దాకా చెయ్యి చాచి ఆగాడు. గాలి పీల్చాడు. లైటరు మెల్లగా జేబులో పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఈ బట్టలు ఎవరు ఉతికారండీ?"

పేరు అడుగుతున్నారనుకుంది సుగుణమ్మ. వేదిక మీద చెబుతారేమో అనుకుంది. పమిట సర్దుకుని, చెయ్యి పైకెత్తి, "నేనేనండి" అంది.

ఆ చెయ్యి అలా ఎంతసేపు పైన ఉందో ఆవిడకి గుర్తు లేదు. బెన్నీ మర్యాదస్తుడు. "అమ్మా, వీటికి డీజిలు పడినట్టుందండి" అన్నాడు. ఆ మాటతో పదమూడు మంది ఒక్కసారే మాట్లాడారు. అప్పటిదాకా ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ దగ్గర వస్తోందనుకుని మొహమాటపడ్డారట. మాష్టారు మాత్రం "నాకేం రావట్లేదే" అన్నారు, మూసుకుపోయిన ముక్కుతో.

"నాకూ రావట్లేదండి" అంది సుగుణమ్మ, ఆధారం దొరికినట్టు.

అప్పటికి సింధు వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టగానే చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తల్లిని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళి, ఒకరు విప్పి ఇచ్చిన అంగీ చెయ్యి ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది.

"సబ్బు వాసన వస్తోందా?"

"వస్తోంది."

"గంజి?"

"అదీ వస్తోంది."

"డీజిలు?"

సుగుణమ్మ రెండోసారి పీల్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని పీల్చింది. "లేదే" అంది.

"అమ్మా, నీకు ఆ వాసన తెలియడం మానేసి చాలా ఏళ్ళయింది. నాన్నకి కూడా."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను?" అంది సింధు.

సెలవులకి వచ్చినప్పుడల్లా సింధు ముందు కిటికీలన్నీ తెరిచేది. తన బట్టలు విడిగా డాబా మీద ఆరేసుకునేది. హాస్టలు చదువుతో కూతురికి టెక్కు వచ్చిందని కొండమ్మతో ఎన్నోసార్లు చెప్పుకుంది సుగుణమ్మ. ఇప్పుడు వరండాలో నిలబడి ఆ కిటికీలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ చీరలన్నీ తీసుకుని, వాసన చూసి, పోయిందని చెప్పి మడతపెట్టి ఇచ్చింది. వాళ్ళు థ్యాంక్స్ చెప్పి పట్టుకెళ్ళి ఏం చేశారో. ఇంకోసారి ఉతుక్కుని ఉంటారు. మాటవరసకైనా ఒక్కరూ అనలేదు.

లోపల బెన్నీ పెద్దల్ని అడిగి వచ్చాడు. కొవ్వొత్తులు లేకుండా పాడొచ్చు, లేదా అంగీలు లేకుండా కొవ్వొత్తులతో పాడొచ్చు. మాష్టారు అంగీల వైపే మొగ్గారు. నాలుగు నెలలు చందా పోగుచేసింది ఆయనే.

సుగుణమ్మ గదిలోకి వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. "మాష్టారండీ, తప్పు నాది. రెండే పాడైతే పద్నాలుగూ పాడుచేశాను. మీకు జలుబు తగ్గాక తెలుస్తుంది ఇదెంతుందో. విప్పించండి. అలా వెళ్తే లోపలివాళ్ళు పాట వినరు."

మాష్టారు తన అంగీ బొత్తాలు తనే విప్పడం మొదలుపెట్టారు.

పైన తెల్లగా కనిపిస్తుంది కదా అని లోపల ఎవరూ జాగ్రత్త పడలేదు. మాష్టారు జలుబుకి భార్య తొడిగిన గళ్ళ స్వెట్టరుతో, చెవులకి మఫ్లరుతో బయటపడ్డారు. చిట్టిబాబు వంటి మీద ఎరువుల కంపెనీ వాళ్ళిచ్చిన బనీను ఉంది, దాని మీద వంగ మొక్క బొమ్మ. కాంతమ్మ పాత వాయిలు చీరలో ఉంది. అలాగే కొవ్వొత్తులు వెలిగించుకుని లోపలికి నడిచారు. సుగుణమ్మ అంగీలన్నీ రెండు చేతులా పోగేసుకుని, హాలుకి దూరంగా ప్రహరీ గోడ దగ్గర నిలబడి విన్నది. అంత దూరం నుంచి చిట్టిబాబు గొంతొక్కటే తెలిసింది. బాగానే పాడాడు.

తొమ్మిది బృందాల్లో నాలుగో స్థానం వచ్చింది. మొదటి మూడింటికే బహుమతులు. వ్యానులో తిరిగొచ్చేటప్పుడు మాష్టారు, "అంగీలతో పాడినా నాలుగోదే వచ్చేదమ్మా. రెండో చరణంలో శ్రుతి పోయింది" అన్నారు. అది ఓదార్పో లెక్కల మాష్టారి నిజాయితీయో ఆవిడ తేల్చుకోలేకపోయింది. అంగీలు ఈసారి కూడా వ్యాను పైనే ఉన్నాయి. ఆవిడని కూడా పైన కూర్చోమనలేదు, అదే చాలనుకుంది.

ఆదివారం మబ్బు విడిపోయింది. సుగుణమ్మ బంకులో మూడు రోజులు సెలవు అడిగింది. ఎందుకని మోహనకృష్ణ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వకుండా ఉండడానికి గాజు గదిలోకి వెళ్ళిపోయాడు. గాజు కాబట్టి కనిపించింది.

పద్నాలుగు అంగీలూ డాబా మీద గాలికి ఆరేసింది. రెండు రోజులు ముట్టుకోలేదు. తర్వాత ఒక్కొక్కటీ విడిగా పౌడరు, గిన్నెల సబ్బు, వంట సోడా, చన్నీళ్ళు. వాసన చూడమని కొండమ్మని పిలిచింది. కొండమ్మ బుట్ట దించి, చెయ్యి కడుక్కోకుండానే ఒకటి అందుకుని పీల్చి, "ఏం వాసనా లేదు వదినా, కమ్మగా ఉంది" అంది. క్రిస్మస్ సెలవులకి వచ్చిన సింధు దాన్ని వాసన చూసి, "ఇప్పుడు దీనికి చందువా చేప వాసన వస్తోంది" అంది. కొండమ్మ ముందు ఒప్పుకోలేదు. తర్వాత సుగుణమ్మ మొహం, తన చేతులు మార్చి మార్చి చూసి మెట్ల మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకెవరికీ చెప్పమాక వదినా" అంది.

"చెప్పనులే. నువ్వు చెప్పిందే కదా ఇదంతా, పౌడరూ అదీ. నేనే మానేశాను నీ పేరు చెప్పడం."

"నాకు తెలుసుగా" అంది కొండమ్మ, బుట్ట ఎత్తుకుంటూ.

ఆ తర్వాత ముక్కు పని సింధుదే. ఆమె చాలన్నదాకా తల్లి ఉతికింది. కొన్ని మూడుసార్లు, కొన్ని ఐదుసార్లు. పదమూడు బాగుపడ్డాయి. ఒక్కదానికి మాత్రం ఇస్త్రీ వేడి గట్టిగా తగిలింది, కింది అంచున అరచేయంత మచ్చ లేత గోధుమరంగులో మిగిలిపోయింది. సుగుణమ్మ దాన్ని ఇంకేమీ చేయలేదు. అంచు జానెడు కత్తిరించి మడిచి చేత్తో కుట్టింది. తీసుకెళ్ళి కాంతమ్మకి ఇచ్చి, ఎందుకు పొట్టి చేసిందో దాచకుండా చెప్పింది.

"అయితే పాడైంది నాకా?" అంది కాంతమ్మ.

"నీకైతేనే సరిపోద్ది అక్కా. మిగతావాళ్ళకి పిక్కల కిందకి రాదు."

కాంతమ్మ తొడుక్కుని చూసుకుంది. తెనాలిలో కుట్టించినప్పుడు అది ఆమెకి నేల మీద ఈడ్చేది. ఇప్పుడు మడమల దగ్గరికి వచ్చింది. అద్దం ముందు ఇటూ అటూ తిరిగింది.